రైతుబజారులో త్రాసు ఎవరి చేతిలో ఉండవలెను?

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అను సామెతలోని బాధ కూరగాయల రైతునకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. వేకువన కోసిన ఆకుకూర మధ్యాహ్నమునకు వాడును. కోయక విడిచిన బెండకాయ రెండు దినములలో ముదిరిపోవును. ధర వచ్చువరకు నిలువచేసికొనుటకు అది ధాన్యము కాదు, ఎండుమిరప కాదు. ఈ తొందరయే దళారికి బలము.

ఈ చిక్కు తొలగించుటకే 1999 జనవరి 26వ తేదీన ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజారులు ప్రారంభమైనవి. పంజాబులో 1987లోనే “అప్నీ మండీ” ఏర్పడినది. తమిళనాడులో “ఉళవర్ సందై”లు 1999లోనే వెలసినవి. అన్నిటి ఉద్దేశము ఒక్కటియే: పండించినవాడు నేరుగా తెచ్చి అమ్మవలెను, తినువాడు నేరుగా కొనవలెను. విశాఖపట్టణము ఎం.వి.పి. కాలనీ రైతుబజారునకు ఒకనాటి ఉదయము వెళ్ళి చూడుడు. ఆనందపురం, పద్మనాభం ప్రాంతముల కూరగాయలు పట్టణవాసి సంచిలోనికి ఎట్లు చేరుచున్నవో తెలియును.

ధర ఎట్లు, మిగులు ఎంత?

రైతుబజారులో ధరను ఎస్టేటు అధికారి రైతులతో కలిసి నిర్ణయించి, బోర్డుపై వ్రాయించును. టోకు ధరకంటె నాలుగవ వంతు ఎక్కువగాను, బయటి చిల్లర ధరకంటె నాలుగవ వంతు తక్కువగాను ఉండవలెనని మొదటినుండియు ఉద్దేశము. టోకున వంకాయలు కిలో 20 రూపాయలు, చిల్లరగా 36 రూపాయలు అనుకొందము. రైతుబజారు ధర 25, 27 రూపాయల నడుమ ఉండవలెను. 26 రూపాయలకు అమ్మినచో రైతునకు కిలోకు 6 రూపాయలు అదనము, కొనువానికి 10 రూపాయలు ఆదా.

అయితే లెక్క ఇంతటితో ముగియదు. 60 కిలోలు తెచ్చిన రైతునకు అదనముగా వచ్చునది 360 రూపాయలు. ఆటో కిరాయికి 250 రూపాయలు పోయినచో మిగిలినది 110 రూపాయలు. అందుకు ఒక దినపు పని పోవును. అదే ముగ్గురు రైతులు ఒకే ఆటోలో వచ్చినచో ఒక్కొక్కరికి ఇంచుమించు 275 రూపాయలు మిగులును. కమీషను, తరుగు లేకుండుట దీనికి అదనము. కావున తోటి రైతులతో కలిసి రండు. ఎకరమంతయు ఒకే పంట వేయక, రెండు మూడు రకములను వారము పది దినముల ఎడముతో వేసినచో, కోత ఒక్కసారిగా మీదపడక ప్రతివారమును బజారునకు సరుకు ఉండును.

కార్డు ఒకరిది, సరుకు మరొకరిది

దినమంతయు బజారులో కూర్చొనలేని రైతునకు ఒక ఆశ పుట్టును. “నా కార్డు ఊరక ఉన్నది గదా, అడిగినవానికి ఇచ్చినచో నాలుగు రూపాయలు వచ్చును” అనుకొనును. సోదరులారా, ఇది చిన్న తప్పు కాదు. ఆ కార్డుతో వర్తకుడు టోకు మార్కెట్టులో కొన్న సరుకును తెచ్చి రైతు స్థానములో కూర్చుండును. రెండు గంపల సొరకాయలు తెచ్చిన నిజమైన రైతునకు చోటు దొరకదు. ఎవనిని తప్పించుటకు బజారు పెట్టిరో, వానికే మనము తలుపు తీసినట్లగును.

ఈ తప్పులో మా ఉద్యోగుల పాలు కూడ కలదు. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, పని ఒత్తిడిలో, పొలము చూడకయే ఒక పంట ధ్రువపత్రముపై సంతకము చేసితిని. కొన్ని వారముల తరువాత అటు వెళ్ళినప్పుడు, బీరపందిరి ఉన్నదని వ్రాసిన చోట సరుగుడు తోట కనిపించినది. ఆ ఒక్క సంతకము వలన ఎవరో ఒక రైతు చోటు పోయినది. నాటినుండి గట్టుమీద నిలబడి చూడనిదే నేను సంతకము చేయను.

గ్రామాధికారులకు నా మనవి ఇదియే. భూమి ఉన్నదని కాక, పంట ఉన్నదని చూచి ధ్రువీకరింపుడు. ఏ పంట, ఎన్ని సెంట్లు, కోత ఎప్పటినుండి ఎప్పటివరకు అను వివరములు వ్రాయుడు. ఋతువు మారినప్పుడు మరల చూడుడు. పంట ముగిసిన తరువాత కార్డు ఇంటిలో ఉండవలెను గాని, ఇతరుల జేబులో ఉండరాదు.

కొనువారికి ఒక మాట

మీరును బజారులో కొనువారే. ఉల్లి, బంగాళాదుంప వంటి దూరప్రాంతపు సరుకు మహిళా సంఘముల అంగళ్ళలో ఉండుట ఏర్పాటులోని భాగమే. కాని రైతు అంగడిలో ఒక్క మనిషి పది పన్నెండు రకములు పరచినచో సందేహింపుడు. “ఎప్పుడు కోసితివి? ఏ విత్తనము?” అని అడుగుడు. పండించినవాడు తడుముకొనడు. బోర్డు ధరకంటె ఎక్కువ అడిగినను, తూకము తగ్గినను వెంటనే ఎస్టేటు అధికారికి చెప్పుడు.

బజారునకు షెడ్డును, త్రాసును ప్రభుత్వము ఈయగలదు. ఆ త్రాసును పట్టవలసిన చేయి మాత్రము రైతుదే. దానిని అద్దెకు ఇచ్చినచో బోర్డుమీద రైతు పేరు మిగులును, బజారు మరల దళారిదే అగును.