లింక్డిన్‌లో తిరుపతి క్షవరం

మాది తిరుపతి, ఉద్యోగం బెంగుళూరు. 'తిరుపతి క్షవరం' అన్న మాట మీరు వినే ఉంటారు. వెనకటికి క్షవరం చేసేవాళ్ళు బేరం జారిపోకుండా ఒకడికి సగం గొరిగి కూచోబెట్టి, ఇంకొకడి తల పట్టుకునేవాళ్ళట. సగం గుండుతో ఎక్కడికి పోతాడు పాపం!

లింక్డిన్ తెరిస్తే నాకదే గుర్తొస్తోంది. "నలభై లక్షల ఆఫర్ వదులుకున్నాను. ఎందుకో తెలుసా?" అని ఒక లైను. కింద ఖాళీ. ఆ కింద 'సీ మోర్'. నొక్కితే ఆటో డ్రైవర్ నేర్పిన జీవిత సత్యం, చివర్లో "అగ్రీ?", పది హ్యాష్‌ట్యాగులు. నేనూ తక్కువేం తిన్లేదు లెండి. నిరుడు ఒక సర్టిఫికేషన్‌కి "హంబుల్డ్" అని రాసి మూడొందల లైకులు పోగేశాను. వాళ్ళలో ఒక్కరికైనా నేను చేసే పనేంటో తెలీదు :)

మొన్న మా కాలేజీ జూనియర్ ఫోన్ చేశాడు. చంద్రగిరి పక్క పల్లె. ఉద్యోగం పోయి నాలుగు నెలలు. "అన్నా, పోస్టు పెట్టినా, ఎవురూ చూళ్ళేదు" అన్నాడు. చూశాను. ప్యాషనేట్, రిజల్ట్ ఓరియెంటెడ్... ఏఐ చేత రాయించింది. "అసలు నువ్వు చేసిన పనేందిరా?" అంటే అప్పుడు చెప్పాడు. రాత్రిపూట రెండు గంటలు నడిచే బ్యాచ్ జాబులో ఇండెక్స్ లేని క్వెరీ పట్టుకుని, పద్నాలుగు నిమిషాలకి దించాడంట! మరి అది రాయలేదేం? "దాంట్లో ఏముందిలేన్నా, చెప్పుకోను సిగ్గుగా ఉండాది."

అక్కడే నాకు కాలింది. చేసినోడికి సిగ్గు, చెయ్యనోడికి మైకు!

"పోస్టులెందుకండీ, పని చేసుకుంటే చాలదా" అనే పెద్దమనుషులకి ఒక మాట. రిఫరల్ ఇచ్చే మేనమామ ఉన్నవాడికి చాలు. లేనివాడికి ఆ పోస్టే మేనమామ. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లు పోసి లింక్డిన్‌ని కొన్నది మన జీవిత సత్యాల కోసం కాదు. రిక్రూటర్లు మనుషుల్ని వెతుక్కోడానికి అక్కడ డబ్బు కడతారు. వాళ్ళు 'ప్యాషనేట్' అని వెతకరు, 'పోస్ట్‌గ్రెస్' అని వెతుకుతారు.

కాబట్టి మొదటి రెండు లైన్లలోనే విషయం చెప్పండి. సమస్య ఏమిటి, ఏం ప్రయత్నించారు, ఏది బెడిసికొట్టింది, చివరికి ఏ అంకె మారింది. కంపెనీ గుట్టు మాత్రం బయటపెట్టకండి. ఎవరైనా ప్రశ్న అడిగితే "థాంక్స్" అని తప్పించుకోకుండా జవాబివ్వండి.

మావాడు మళ్ళీ రాశాడు. లైకులు పదకొండు, అందులో ఒకటి నాది. కానీ ఇద్దరు "ఎలా పట్టుకున్నావ్?" అని మెసేజ్ పెట్టారు. వాళ్ళలో ఒకాయన వచ్చే వారం ఇంటర్వ్యూకి రమ్మన్నాడు. ఉద్యోగం వస్తుందో రాదో చెప్పలేను. పిలిచింది మాత్రం వాడి పనిని చూసే.

గొరిగితే పూర్తిగా గొరగండి సామీ. లేకపోతే కత్తి కింద పెట్టండి.