చిల్లుల పార

విద్య అనగానే మన కళ్ళ ముందు పుస్తకం కనిపిస్తుంది, పనిముట్టు కనిపించదు. పరీక్ష, పట్టా, ఉద్యోగం అనే మూడు మెట్లకు అలవాటుపడిన మనకు సుత్తి, ఆకురాయి, డ్రిల్లు వంటివి చదువు అబ్బనివారి సామగ్రిగా తోస్తాయి. ఈ భావన ఎంతటి పొరపాటో ఒక చిన్న పార మాకు నేర్పింది. ఆ పార కథ చెప్పి, దాని ఆధారంగా విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ ఒక విన్నపం చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

2020 నవంబరులో నివర్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. దాని ప్రభావంతో మన ఉప్పాడ దగ్గర సముద్రం అల్లకల్లోలమైంది. అలలు వెనక్కి తగ్గిన తరువాత ఇసుకలో సన్నని బంగారు రేణువులు, పూసలు కొందరికి దొరికాయి. ఆ వార్త పొక్కగానే పిల్లా పెద్దా తీరానికి చేరి ఇసుక జల్లించసాగారు. ఆ తరువాత కూడా పెద్ద తుఫాను వచ్చినప్పుడల్లా ఉప్పాడలో ఈ దృశ్యం కనిపిస్తూనే ఉంది. పత్రికలు దీనిని వింతగా వర్ణించాయి. కాని గ్రామస్థులు ఇచ్చిన వివరణలో వింత లేదు, విషాదం ఉంది. ఏళ్ళ తరబడి సముద్రం ఉప్పాడ ఇళ్ళను, గుళ్ళను మింగుతూ వస్తున్నది. ఆ ఇళ్ళలో మిగిలిపోయిన నగల ముక్కలూ, శంకుస్థాపన నాడు పునాదులలో వేసిన పిసరంత బంగారమూ ఇప్పుడు అలలతో పైకి వస్తున్నాయని వారి మాట. తీరం కోతకు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరుగుదల, రేవు కట్టడాలు, ఆనకట్టల వల్ల తగ్గిన ఒండ్రు కారణాలని పరిశోధకులు చెబుతున్నారు.

ఈ సంగతి తరగతిలో చర్చకు వచ్చినప్పుడు భౌతికశాస్త్ర విద్యార్థులు కొందరు లోహాన్ని పసిగట్టే యంత్రం, అంటే మెటల్ డిటెక్టర్, స్వయంగా తయారుచేస్తామని ముందుకు వచ్చారు. పుష్కరాల రేవులో కుర్రవాళ్ళు తాడుకు అయస్కాంతం కట్టి నాణేలు తీయటం రాజమండ్రి వాసులందరూ చూసినదే. ఉక్కు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది. బంగారం అంటుకోదు. అందుకు మరొక ఉపాయం కావాలి. తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తును ప్రవహింపజేస్తే దాని కింద ఉన్న లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాల జాడను తీగచుట్ట తిరిగి గ్రహిస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలోని తూటాను వెదకటానికి గ్రాహంబెల్ వాడిన పరికరం ఈ కోవకు చెందినదే. ఉప్పు నీటితో తడిసిన ఇసుక కూడా విద్యుత్తును కొంత ప్రసరింపజేస్తుంది కనుక సముద్రతీరంలో మామూలు యంత్రం ఊరకే కూస్తుంది. ఆ చిక్కు తెలుసుకుని మన విద్యార్థులు విద్యుత్తును క్షణక్షణం ఆపి ఆపి పంపే పద్ధతిని ఎన్నుకున్నారు. యంత్రం పనిచేసింది. మాకు గర్వం కలిగింది.

తీరానికి వెళ్ళిన మొదటి రోజే ఆ గర్వం కాస్తా దిగిపోయింది. యంత్రం కూసిన చోట తవ్వబోతే తడి ఇసుక గుంటలోకి జారిపోతున్నది. అల వచ్చి గుంటను పూడ్చిపోతున్నది. అరగంట శ్రమపడితే చేతికి వచ్చింది ఒక తుప్పు మేకు! వస్తువు ఎక్కడ ఉన్నదో తెలిసినంత మాత్రాన అది మన చేతికి వచ్చినట్లు కాదని ఆనాడు బోధపడింది. విదేశాలలో ఈ పనికి ప్రత్యేకంగా చిల్లుల పారలు ఉన్నాయనీ, వాటిలో మేలైనవి టైటానియంతో చేస్తారనీ విద్యార్థులు తెలుసుకున్నారు. ధర చూస్తే మన అందుబాటులో లేదు. అయితే మనమే చేద్దామన్నారు.

టైటానియం మనకు పరాయి లోహం కాదు. నరసాపురం, అంతర్వేది తీరాలలో ఇసుక మీద నల్లని చారలు చూసే ఉంటారు. అందులో ఇల్మెనైట్ అనే ఖనిజం ఉంది. అది ఇనుమూ, టైటానియమూ, ప్రాణవాయువూ కలిసిన పదార్థం. 1791లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఈ లోహం జాడను కనుగొన్నది కూడా ఇటువంటి నల్ల ఇసుకలోనే. ఇసుక నుండి లోహం తీయటం మాత్రం సులభం కాదు. ఖనిజాన్ని క్లోరిన్‌తో ద్రవంగా మార్చి, ఆ ద్రవాన్ని మెగ్నీషియంతో విడగొట్టి, స్పంజి వంటి ముద్దను సాధించాలి. కేరళలోని చవరలో ఈ స్పంజి కర్మాగారం 2011లో ప్రారంభమైంది. దానికి సాంకేతిక విద్యను అందించింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల. 1973లో స్థాపితమైన మిధాని కూడా హైదరాబాదులోనే ఈ లోహంతో పనిచేస్తున్నది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మన విషయంలో ఎంత నిజం! కాళ్ళ కింద ఖనిజం ఉంది, మన రాష్ట్రాల నడుమ విద్య ఉంది. మన విద్యార్థికి మాత్రం ఆ లోహం పాఠ్యపుస్తకంలో ఒక సంకేతం, ఒక అంకె.

విద్యార్థులు ఒక రేకు సంపాదించారు. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు. 15 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల పొడవు గల గొట్టంగా దానిని చుట్టి, ఒక వైపు అడుగు మూసి, రెండవ వైపు ఇసుకలోకి దిగే నాలుకలాగా కోయాలని నిర్ణయించాం. చిల్లు ఎంత ఉండాలన్నది పెద్ద చర్చ అయింది. ఇసుక రేణువు రెండు మిల్లీమీటర్లకు మించదు. ఉంగరం ఒక్కటే కావాలంటే చిల్లు పెద్దదైనా ఫరవాలేదు. కాని మన స్త్రీల ముక్కుపుడక, చెవి కమ్మ మాట ఏమిటి? చిల్లు మరీ చిన్నదైతే తడి ఇసుక కిందికి జారదు. చివరకు 6 మిల్లీమీటర్ల చిల్లు, సెంటీమీటరు ఎడం అని తేల్చాం. లెక్కవేస్తే వెయ్యికి పైగా చిల్లులు!

లెక్క మరొక నిజం కూడా చెప్పింది. చిల్లులు పోను టైటానియం తొట్టి బరువు సుమారు 600 గ్రాములు. అదే స్టెయిన్‌లెస్ స్టీలుతో అయితే సుమారు 1100. కాని తొట్టి నిండా తడి ఇసుక 8 కిలోలకు పైగానే తూగుతుంది. కనుక చేతికి కలిగే ఊరట లోహం వల్ల కొంత అయితే, ఇసుకను నీటిలోనే ఆడించి జార్చే చిల్లుల వల్ల ఎంతో. టైటానియం అసలు గుణం తేలికదనం కాదు, ఉప్పునీటికి లొంగకపోవటం. మామూలు ఇనుప రేకు కొద్ది నెలలలోనే తుప్పు పట్టిపోయే చోట ఇది ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. ఖరీదైన లోహం మీది మోజుతో కాక, దాని గుణం తెలిసి వాడటమే విద్య అని విద్యార్థులకు చెప్పాం.

చెప్పటం సులువు. చేయబోతే మొదటి చిల్లుకే డ్రిల్లు బిట్టు మాడిపోయింది. రెండవది విరిగింది. వేగం పెంచారు, రేకు వేడెక్కి మరింత గట్టిపడింది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తెలిసిన మేమందరం ఆ రేకు చుట్టూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పుడు వెనుక నిలబడిన ఒక విద్యార్థి తల దించుకుని, "మా అబ్బాజాన్‌కు తెలుస్తుందేమో మాస్టారూ" అన్నాడు. ఆ విద్యార్థి ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని రాశాడు. ఆయన వృత్తి గిన్నెలకు కళాయి వేయటం. కళాయి గిరాకీ తగ్గిన తరువాత స్టీలు సామాను అతుకులు, వెల్డింగు పని నేర్చుకున్నారు.

ఆయన వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రాబోతే వారించాం. రేకును వేలితో మీటి చూశారు. "ఈ లోహం నాకు కొత్త మాస్టారూ. కాని దీని మొండితనం స్టీలు మొండితనమే. మీరు తొందరపడుతున్నారు. వేగం తగ్గించండి, ఒత్తిడి పెంచండి, నూనె పోస్తూ ఉండండి, మధ్యలో మాత్రం ఆపకండి" అన్నారు. అన్నట్లే చేస్తే పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చింది. ఆ పొట్టుకు నిప్పు అంటుకుంటే నీళ్ళు చల్లకూడదనీ, పొడి ఇసుకే వేయాలనీ మేము పుస్తకం చూసి చెప్పాం. ఆయన తల ఊపి పక్కన ఒక డొక్కు బకెట్టులో ఇసుక పెట్టించారు. గొట్టం అతుకు దగ్గర మరొక పరీక్ష ఎదురైంది. టైటానియం కాలినప్పుడు గాలిని పీల్చుకుని పెళుసుబారుతుంది. మొదటి అతుకు నీలంగా, తెల్లని బూడిదతో వచ్చి పుటుక్కున విరిగింది. ఆర్గాన్ వాయువును ముందువైపే కాక వెనుకవైపు కూడా పట్టించాలని మేము చదివి చెప్పాం. అది ఎలా పట్టించాలో ఆయన చేసి చూపారు. రెండవ అతుకు వెండిలా మెరిసింది. నాలుగున్నర అడుగుల సరుగుడు కర్రను పిడిగా బిగించాం. పుస్తకం చెప్పినదీ చెయ్యి చెప్పినదీ కలిసిన చోట ఆ పార పుట్టింది. వెయ్యి చిల్లులు పూర్తయిన రోజున ఆ విద్యార్థి "మా అబ్బాజాన్ చేసిన అతుకు" అని తోటివారికి చూపటం మేము విన్నాం.

పారతో ఉప్పాడ వెళ్ళాం. మూడవసారి తీసిన ఇసుకలో ఒక చిన్న చెవి కమ్మ మిగిలింది. విద్యార్థులు కేరింతలు కొట్టారు. దగ్గరలో ఇసుక జల్లిస్తున్న ఒక వృద్ధురాలు వచ్చి, దానిని అరచేతిలో తిప్పి చూసి తిరిగి ఇచ్చివేసింది. "మాది కాదు బాబూ. అదిగో, అక్కడ ఉండేది మా వీధి" అని అలల వైపు చూపింది. ఎవరూ మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో వాదం మొదలైంది. దొరికినది దొరికినవాడిదేనా? 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచినవారికి శిక్ష ఉంది. ఉర్దూ శాఖలోని సహోద్యోగులు 'లుఖతా' అనే మాటను గుర్తుచేశారు. దారిలో దొరికిన వస్తువు గుర్తులు రాసి పెట్టుకుని, ఏడాదిపాటు నలుగురిలో చాటి, యజమానిని వెదకాలన్నది ధర్మశాస్త్రం. పరుల సొమ్ము పాము వంటిదని మన తెలుగు పెద్దలూ చెప్పారు. చట్టమూ, ధర్మశాస్త్రమూ, లోకోక్తీ ఏకమైన చోట ఇక వాదానికి తావెక్కడ? కమ్మ గుర్తులు రాసి, ఊరిలో తెలియజేసి, అధికారులకు అప్పగించాం. యజమాని ఇంకా రాలేదు. రాకపోయినా మేము చేసినది సరైనదే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఈ పారను నిధుల వేటకు వాడితే అది మరొకరి దుఃఖం మీద మన ఆశ. పోగొట్టుకున్నవారికి వెదికి ఇవ్వటానికి వాడితే అది సేవ. అందుకు కొన్ని కట్టుబాట్లు కావాలి. తవ్విన గుంటను పూడ్చి రావాలి. రక్షణ గోడ మొదట్లో తవ్వరాదు. కోరింగ అభయారణ్యంలో అసలే తవ్వరాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే చలికాలపు చివరి నెలలలో, వేసవి మొదట్లో, వాటి తీరాలలో పారను దింపరాదు. దొరికిన ప్రతి వస్తువూ, అది తుప్పు మేకైనా సరే, ఒక పుస్తకంలో తేదీతో నమోదు కావాలి.

కొందరు అడుగుతారు: ఇసుక తవ్వటానికా పిల్లలను కళాశాలకు పంపినది? కాదు. కాని తండ్రి వృత్తిని దాచుకోవలసిన సిగ్గు నేర్వటానికి కూడా పంపలేదు. మన విద్యార్థులలో ఎందరి తండ్రులు వెల్డింగు దుకాణాలలో, లేతు మిషన్ల దగ్గర, తాళాల మరమ్మతు బల్లల వెనుక ఉన్నారో మన ప్రవేశపత్రాలు చెప్పవు. వారి పిల్లలు చెప్పనివ్వరు. కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఖాళీగా ఉన్న ఒక గదిని పనిశాలగా మార్చండి. ఒక డ్రిల్లు యంత్రం, ఒక పట్టుడు బల్ల, రెండు ఆకురాళ్ళు చాలు. ముందు స్టీలు రేకుతో నేర్చుకుంటారు, టైటానియం తరువాత. నెలకు ఒకనాడు పట్టణంలోని పనివారిని గౌరవ వేతనం ఇచ్చి గురువులుగా పిలవండి. గుమ్మం బయట చెప్పులు విడిచిన ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చినప్పుడు ఉపాధ్యాయుల కుర్చీలలో ఒకటి ఆయనకు వేయండి.

విద్యార్థులారా, ఈ ఏడాది ప్రవేశపత్రం నింపేటప్పుడు తండ్రి వృత్తి అన్నచోట ఉన్నది ఉన్నట్లు రాయండి. ఆ అక్షరాలు దిద్దిన చేత్తోనే పనిముట్టు కూడా పట్టండి.