ఫరవాలేదండీ!

తెలుగువాడు రోజుకు ఎన్ని అబద్ధాలాడతాడో ఎవరూ లెక్కపెట్టలేదు గాని, వాటిలో అగ్రతాంబూలం దేనికివ్వాలో నాకు తెలుసు. "ఫరవాలేదండీ" అన్న మాటకు. పెళ్ళివిందులో కూర ఉప్పుకషాయమైనా ఫరవాలేదు. బస్సులో పక్కవాడు కాలు తొక్కినా ఫరవాలేదు. దర్జీ చొక్కా చేతులు బెత్తెడు పొట్టిగా కుట్టినా, అద్దం ముందు నిలబడి "ఫరవాలేదు లేవయ్యా" అని డబ్బిచ్చి వచ్చేస్తాం. ఇంటికి వచ్చాక ఆ దర్జీ వంశాన్నంతా ఉతికి ఆరేస్తాం. వీటివల్ల ఎవరి ప్రాణమూ పోదు. మొహమాటం మనకొక ఆభరణమని సరిపెట్టుకోవచ్చు.

కాని మన ఒంటిమీద చెయ్యి వేసి వైద్యం చేసేవాడితో ఇదే మాట అన్నప్పుడు సంగతి వేరు. అక్కడ అది ఆభరణం కాదు, బేడీ.

నేను చెప్పబోయేది పెద్దాసుపత్రుల వైద్యం గురించి కాదు. దాని పక్కనే, దానికి తోడుగానో పోటీగానో సాగుతూ వుండే వైద్యాల గురించి. నూనె మర్దనా, ఎముకల కట్టు, కప్పులు పెట్టడం, వాతలు, సూదులు — వీటన్నిటిలోనూ ఒక పోలిక వుంది. చేసేటప్పుడు నొప్పి పుడుతుంది. ఇవేవీ నిన్న మొన్న పుట్టినవి కావు. చెడు నెత్తురు లాగడానికి కొమ్మునూ, సొరబుర్రనూ, జలగనూ వాడే పద్ధతిని సుశ్రుతుడు వివరించాడు. వాతల సంగతి చెప్పనే అక్కరలేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నదన్న సామెత ఏ ఊళ్ళోనైనా వినిపిస్తుంది. 2016 రియో ఒలింపిక్సులో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాలమీద గుండ్రటి ఎర్రమచ్చలు చూసి లోకం ఆశ్చర్యపోయింది. అవి కప్పులు పెట్టిన మచ్చలు. కొమ్ము పోయి కప్పు వచ్చింది, అంతే.

మా అనంతపురం పీఠభూమిలో ఇటువంటి వైద్యాలకు గిరాకీ ఎక్కువ. కారణం లేకపోలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల ఇది. ఆ కాస్త వానకే విత్తిన వేరుశనగను నడుము వంచి పెరికి, కూర్చుని కాయలు కోసి, మూటలు మోసే ఒళ్ళు మావాళ్ళవి. దానికి తోడు చాలా పల్లెల్లో బోరునీళ్ళలో ఫ్లోరైడు. మనదేశంలో ఈ ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో. అదీ అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లోనే. ఏళ్ళతరబడి ఆ నీళ్ళు తాగితే కీళ్ళూ వెన్నూ బిగుసుకుపోతాయి. అందుచేత మా వైపు మోకాళ్ళూ నడుములూ భుజాలూ నొయ్యని ఇల్లు అరుదు.

నొప్పులు ఎక్కువ. ఓర్పు అంతకంటే ఎక్కువ. 1876లో మొదలైన ధాత కరువు కథలు వింటూ పెరిగిన మనుషులం మేము. "ఓర్చుకోల్ల" అన్నది మా ఉగ్గుపాలలో కలిపి పోసిన మాట. కరువును ఓర్చుకోవడం వేరు, కట్టును ఓర్చుకోవడం వేరు. మొదటిదానికి గత్యంతరం లేదు. రెండోదానికి నోరు వుంది.

నా సంగతే చెబుతాను. ఇరవై ఏళ్ళుగా నల్లబల్లమీద రాస్తున్న కుడిచెయ్యి రెండేళ్ళ కిందట భుజం దగ్గర బిగుసుకుపోయింది. బల్ల పైభాగం అందదు. చొక్కా తొడుక్కోవడం ఒక వ్యాయామమైంది. డాక్టరు చూసి, "ఫ్రోజన్ షోల్డర్. నిదానంగా తగ్గుతుంది, ఈ కసరత్తులు చెయ్యండి" అన్నాడు. నిదానం అన్న మాట మా బావమరిదికి నచ్చలేదు. ఒక పల్లెలో మర్దనా చేసే పెద్దాయన వున్నాడని బయలుదేరదీశాడు.

వేపచెట్టు కింద బల్ల. చుట్టూ తమ వంతుకోసం కూర్చున్న పదిమంది. పెద్దాయన గోరువెచ్చని నూనె రాసి మొదలుపెట్టాడు. భుజం వెనుక నొక్కినంతసేపూ బాగానే వుంది. తరువాత చంకలోకి బొటనవేలు దిగింది. పట్టపగలు చుక్కలు కనిపించాయి. "అమ్మా" అని అరిచాను. ఆయన ఆగలేదు. అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "ఎట్లుండాది సార్? తేలికయింది కదా?" అన్నాడు.

వ్యాకరణం చెప్పేవాణ్ణి గనుక నా దృష్టి ఆ "కదా" మీద పడింది. కదా అని ముగిసే ప్రశ్న ప్రశ్నే కాదు. జవాబు దాని కడుపులోనే వుంటుంది. పైగా పదిమంది చూస్తున్నారు. బావమరిది కళ్ళతోనే నన్ను అవుననమంటున్నాడు.

"చెయ్యి వెనక్కి తిరగడం బెత్తెడు ఎక్కువైంది పెద్దాయనా, అది నిజం. కాని చంకలో నొక్కినప్పటినుంచీ చిటికెనవేలూ ఉంగరంవేలూ జోముగా వున్నాయి. ఆ నొప్పి కండ నొప్పిలా లేదు. వేళ్ళదాకా జివ్వుమని పాకింది" అన్నాను.

చెట్టు కింద మాటలు ఆగిపోయాయి. ఒక అవ్వ, "అయివారు కదప్పా, తప్పులు దిద్దకుండా ఉంటాడా" అన్నది. అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఆ రెండు వేళ్ళనూ గిల్లి చూశాడు.

"నొక్కేటప్పుడే చెప్పల్ల కద సార్."

"అరిచాను గదా!"

"అందరూ అరుస్తారు సార్. అరుపును బట్టి యాడ తెలుస్తాది? యేలు జోము పట్టిందని మాటతో చెప్పల్ల." కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు: "ఈడికి తిరిగొచ్చినోళ్ళంతా తగ్గిందనే చెప్తారు. తగ్గనోళ్ళు మళ్ళీ రారు. వాళ్ళ సంగతి నాకెట్ల తెలియల్ల?"

మరునాటికి జోము పోకపోతే ఆసుపత్రికి పొమ్మన్నాడు. రెండో పూటకే పోయింది. ఆ తరువాత వెళ్ళినప్పుడు ఆయన చంక జోలికి పోలేదు, నన్నే కాదు, నా ముందు కూర్చున్నవాణ్ణి కూడా నొక్కుతూ నొక్కుతూ "యేళ్ళల్లో ఏమన్నా తెలుస్తాందా?" అని అడిగాడు. ఏడాది గడిచేసరికి నా భుజం చాలావరకు స్వాధీనమైంది. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళి, "మీ చేతివల్లనో, కసరత్తులవల్లనో, కాలంవల్లనో చెప్పలేను" అన్నాను. ఈ జబ్బు చాలామందికి ఒకటి రెండేళ్ళలో తనంతట తాను సడలుతుంది. లేని చెడు చెప్పడం ఎంత తప్పో, తెలియని మంచిని కట్టబెట్టడమూ అంతే తప్పు.

పెద్దాయన అడిగిన ప్రశ్న వంద సంవత్సరాల క్రితమే బోస్టన్ నగరంలో ఒక శస్త్రవైద్యుడు అడిగాడు. ఆయన పేరు ఎర్నెస్ట్ కాడ్‌మన్. విచిత్రమేమంటే 1934లో ఈ భుజం జబ్బుకు ఫ్రోజన్ షోల్డర్ అన్న పేరు పెట్టినవాడూ ఆయనే. చికిత్స చేసి పంపేసిన రోగి ఆ తరువాత ఎలా వున్నాడో వెతికి తెలుసుకోవాలనీ, గుణం కనిపించకపోతే ఎందుకని తనను తాను ప్రశ్నించుకోవాలనీ ఆయన పట్టుబట్టాడు. ప్రతి రోగికీ ఒక కార్డు రాసిపెట్టాడు. తోటి వైద్యులకు ఇది కంటగింపైంది. 1911లో తానే ఒక చిన్న ఆసుపత్రి పెట్టి, 1916 దాకా చూసిన 337 మంది రోగుల ఫలితాలను అచ్చువేశాడు. అందులో 123 పొరపాట్లను తన చేత్తోనే రాసుకున్నాడు. బతికివుండగా ఆయనకు దక్కింది ఎక్కువగా ఎగతాళే. నేడు ఆసుపత్రులు తమ ఫలితాలను లెక్కకట్టుకునే పద్ధతికి ఆయననే ఆద్యుడంటారు. బోస్టన్ డాక్టరుకూ మా వేపచెట్టు పెద్దాయనకూ కావలసింది ఒకటే: తిరిగిరానివాడి మాట.

మాట చెప్పకపోతే ఏమవుతుందో వినండి. మా రాయలసీమలో ఎముక విరిగితే ముందు నోటికొచ్చేది పుత్తూరు కట్టు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు — తరతరాలుగా ఆ కట్టు పేరు మోసింది. అది చూసి ఊరూరా కట్లు కట్టేవాళ్ళు బయలుదేరారు. నా విద్యార్థి ఒకడు ఒక రాత్రి ఫోను చేసి మరునాడు సెలవు కావాలన్నాడు. తమ్ముడు చింతచెట్టుమీదినుంచి పడ్డాడట. దగ్గరి ఊళ్ళో మధ్యాహ్నం కట్టు కట్టించారు. "సాయంత్రంనుంచీ ఒకటే ఏడుస్తాండాడు సార్. అవ్వ ఓర్చుకోమంటాంది" అన్నాడు. వేళ్ళు ఎలా వున్నాయని అడిగాను. చల్లగా, నల్లబడి వున్నాయి. సాచబోతే కేకపెడుతున్నాడు. నా స్నేహితుడైన డాక్టరు ఒకసారి చెప్పిన మాట గుర్తుండి, తెల్లవారేదాకా ఆగవద్దన్నాను. కట్టు కట్టినాయన నిద్ర లేచి వచ్చి, చూసిన మరుక్షణమే కత్తెర పెట్టి కట్టు విప్పేసి, ఆసుపత్రికి పరుగెత్తమన్నాడు. చెయ్యి దక్కింది. "ఏడ్చినాడని సాయంత్రమే ఒక మాట చెప్పింటే..." అని ఆయనే వాపోయాడట.

బిగుతుకట్టు కింద కండ వాచి, నెత్తురు ఆడక, వేళ్ళు పక్షిగోళ్ళలాగా ముడుచుకుపోయే దుస్థితిని 1881లో జర్మన్ శస్త్రవైద్యుడు ఫోక్‌మన్ వర్ణించాడు. నెత్తురు ఆడని కండ ఆరు గంటలు దాటితే తిరిగి రావడం కష్టం. ఇది పసరుకట్టుకే పరిమితమూ కాదు; ఆసుపత్రిలో వేసిన సిమెంటుకట్టు కిందా జరగవచ్చు. కట్టిన తరువాత నొప్పి తగ్గుతూ పోవాలి. పెరుగుతూ పోతే, వేళ్ళు జోము పడితే, చల్లబడితే, పాలిపోతే, సాచినప్పుడు ప్రాణం పోయినట్లుంటే — అది ఓర్చుకోవలసిన నొప్పి కాదు, అరగంటలో చెప్పవలసిన కబురు.

"పెద్దవాళ్ళ మనసు నొప్పించడం మన సంప్రదాయమా?" అని అడిగేవారున్నారు. సంప్రదాయం అంటే వినండి. చరకుడు రోగికి వుండవలసిన గుణాలు నాలుగు చెప్పాడు. మొదటిది స్మృతి, రెండోది చెప్పినట్లు చెయ్యడం, మూడోది భయపడకపోవడం. నాలుగోది జ్ఞాపకత్వం. తెలుగులో జ్ఞాపకమంటే గుర్తుండడం, సంస్కృతంలో తెలియజెప్పడం. తన బాధను తాను విప్పి చెప్పగలగడం రోగి లక్షణమన్నాడు. చూడటం, తాకడం, అడగడం అన్న మూడు పరీక్షల్లో అడగడం వైద్యుడి వంతు. నిజం చెప్పడం మన వంతు. ఆ వంతు ఎగ్గొట్టినవాడు మర్యాదస్థుడు కాడు, సగం రోగి.

ఇక చెప్పే తీరు. 1975లో మెల్జాక్ అనే శాస్త్రజ్ఞుడు నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలను జాబితా కట్టి వైద్యుల చేతికిచ్చాడు. మన భాష ఏమీ బీద కాదు. పంటికి పోటు, పుండుకు సలుపు, కాళ్ళకు తీపు, కంటికి మంట, నరానికి గుంజుడు, అరికాలికి తిమ్మిరి, వేలికి జోము. కలుక్కుమనడం వేరు, జివ్వుమనడం వేరు, మెలిపెట్టడం వేరు. ఇన్ని మాటలు వుండగా "నొప్పిగా వుందండీ" అని ఊరుకోవడం పిసినారితనం. ఎక్కడ, ఎటువంటిది, ఎప్పుడు మొదలైంది, పెరుగుతున్నదా తరుగుతున్నదా, నిన్న చెయ్యలేనిది నేడు ఏం చెయ్యగలుగుతున్నారు — ఈ ఐదూ చెబితే చాలు. మనిషిని తిట్టనక్కరలేదు, మన ఒంటిని వర్ణిస్తే సరిపోతుంది. "మీరు పాడుచేశారు" అంటే తగాదా. "ఇక్కడ నొక్కినప్పుడు ఇలా అయింది" అంటే సమాచారం. మంచి జరిగితే దాన్నీ అంతే కొలతగా చెప్పాలి.

వైద్యం చేసే పెద్దలకూ ఒక మనవి. మీ ప్రశ్నలోనుంచి ఆ "కదా" తీసెయ్యండి. పదిమంది ముందు కాక పక్కకు పిలిచి అడగండి. బాగాలేదన్న జవాబు వచ్చినప్పుడు మీ ముఖం ముడుచుకోకపోతే, రెండోసారి మీకు నిజం దొరుకుతుంది.

ఫరవా అనేది మనం ఉర్దూ దగ్గర తెచ్చుకున్న మాట. లక్ష్యం, చింత అని దాని అర్థం. దర్జీ దగ్గరా పెళ్ళిపందిట్లోనూ అది లేదంటే లేదనండి. మీ చెయ్యీ కాలూ మరొకరి చేతిలో పెట్టినప్పుడు మాత్రం, వుందనే చెప్పండి.