అరెస్టు ఎప్పుడయింది సారూ?

మా బడిలో ఏడో తరగతి పిల్లవాడు రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, "మా నాయినను పోలీసోళ్లు తోల్కపోయిండ్రు సార్" అన్నడు. ఊళ్లో ఎవరిదో బోరు మోటారు పోయింది. ఊళ్లో ఏది పోయినా వెతుకులాట మాదిగవాడ నుంచే కదా మొదలయ్యేది!

స్టేషన్‌కు పోయి అడిగాను, అరెస్టు చేశారా అని. "అరెస్టేం లేదు సారూ, జర విచారణకు పిలిచినం" అన్నారు. మనిషి అంగీ లేకుండా మూలకు కూర్చొని ఉన్నాడు. రెండు రాత్రులు అక్కడే ఉన్నాడు. లేచి ఇంటికి పోతానంటే పోనియ్యరు. అయినా అరెస్టు కాదట!

ఈ "అరెస్టు కాదు" అన్న మాటలోనే మోసమంతా ఉంది.

రాజ్యాంగం 22వ అధికరణం ఏం చెప్తున్నది? అరెస్టు చేసిన మనిషికి కారణం వెంటనే చెప్పాలి. తనకు నచ్చిన వకీలును కలవనియ్యాలి. ప్రయాణం టైము పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1949 సెప్టెంబర్ 15న ఈ రక్షణలను రాజ్యాంగ సభ ముందు పెట్టింది బాబాసాహెబే. 21వ అధికరణం ఒక్కటే మనిషి స్వేచ్ఛకు చాలదన్న విమర్శ వచ్చినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి ఆయన దీన్ని తెచ్చారు.

తర్వాత కోర్టులూ చాలా చెప్పాయి. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో రాయాలన్నది, అందులో తేదీ, టైము, సాక్షి సంతకం ఉండాలన్నది, ఇంటివాళ్లకు కబురు చెప్పించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పాలన్నది. 2025 నవంబర్‌లో ఇంకో అడుగు ముందుకేసింది: ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలు రాసి ఇవ్వాలి, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి.

బాగుంది. కానీ ఇవన్నీ ఎప్పటి నుంచి లెక్క? "అరెస్టు" అని కాగితం మీద రాసిన గడియ నుంచి. ఆ గడియను రాసేది ఎవరు? పోలీసే. దెబ్బలు పడేది మాత్రం ఆ గడియ రాకముందే!

నోరు మెదపకుండా ఉండే హక్కు సంగతీ అంతే. 20వ అధికరణంలో ఉంది. 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు, ఈ హక్కు సంగతి పోలీసులే ముందుగా చెప్పి, చెప్పినట్టు రాసిపెట్టాలన్నది. అయినా ప్రశ్నలు అడిగే ముందు పోలీసు ఆ మాట చెప్పి తీరాలన్న సెక్షన్ ఇప్పటికీ లేదు. 2024 జూలై 1న పాత చట్టం పోయి నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 50వ సెక్షన్ 47 అయింది. నంబర్లు మారాయి గానీ ఈ ఖాళీ పూడలేదు. అమెరికాలో 1966లోనే మిరాండా తీర్పు వచ్చింది. మనిషిని కదలనియ్యకుండా ఆపి ప్రశ్నిస్తున్నారంటే చాలు, ముందు హక్కులు చెప్పాల్సిందే. అరెస్టు అనే పేరు పెట్టారా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

"హక్కులు చెప్పుకుంట కూసుంటే దొంగలు దొరుకుతరా సారూ" అంటారు. ఒక్క మాట అడుగుతా. దొర కొడుకును పట్టుకుంటే జీపు స్టేషన్ చేరకముందే వకీలు ఫోన్ మోగుతుంది. అతనికి ఎవరూ హక్కులు చెప్పనక్కర లేదు. చెప్పాల్సింది తెలియని వాడికి. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానం మీద పట్టుకొచ్చిన దళిత మహిళ ప్రాణమే పోయింది. తర్వాత ముగ్గురు పోలీసులను నౌకరి నుంచి తీసేశారు. తీసేస్తే పోయిన ప్రాణం తిరిగి వచ్చిందా?

అందుకే మన డిమాండ్ ఒక్కటే. మనిషి లేచి పోలేని నిమిషం నుంచి అతను నిర్బంధంలో ఉన్నట్టే. ఆ నిమిషం నుంచే హక్కులు తెలుగులో చెప్పాలి, టైము రాయాలి.

చట్టం మారేదాకా మనం చేతులు కట్టుకొని కూర్చోవద్దు. వాడలో ఎవరినైనా తీసుకుపోతే ఆ టైము రాసిపెట్టండి. ఒక్కరు పోకండి, పదిమంది పోండి. "అరెస్టా, కాదా? కాకపోతే ఇంటికి పంపండి. అయితే కాగితం ఇయ్యండి" అని అడగండి. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తాడు. 15100కు ఫోన్ చెయ్యండి.

ఆ పిల్లవాడి తండ్రిని మూడో రోజు సాయంత్రం వదిలేశారు. అతను స్టేషన్‌కు వచ్చినట్టు ఏ కాగితం మీదా లేదు. వీపు మీద మాత్రం ఉంది.

జై భీమ్.