అక్షయపాత్రకూ ఒక హద్దుంది

అమెరికాలో ఆర్వీ అని పిలిచే వాహనానికి నేను ఇంటిబండి అని పేరు పెట్టుకున్నాను. ఇంతకంటె మంచి తెలుగు మాట నాకింకా తోచలేదు. ఆ బండి కప్పు మీద సౌరఫలకాలు అమర్చుకోవాలనుకునే మిత్రులకు ఎవరిని అడిగినా దొరికే సలహా ఒకటే: "కప్పు మీద చోటున్నంత మేరా పరిచెయ్యండి. బ్యాటరీలంటారా, డబ్బున్నన్ని కొనండి." ఈ సలహాతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. తినేవాళ్ళెందరో చూసుకోకుండా గుండిగలు కొనుక్కోమనడం వంటిదిది.

అరణ్యవాసానికి వెళ్ళిన ధర్మరాజు సూర్యుణ్ణి ఆరాధించి అక్షయపాత్ర పొందాడు. అడవిలో బస, సూర్యుడి దయ, ఒక పాత్ర: మన విషయానికి ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. పేరుకు అక్షయమే గాని దానికీ ఒక నియమం ఉంది. ద్రౌపది భోంచేసేవరకే ఆనాటి వడ్డన. ఆ తరువాత మళ్ళీ మర్నాడే. దుర్వాసుడు శిష్యసమేతంగా సరిగ్గా ఆ తరువాతే దిగాడు. పాండవులకైతే కృష్ణుడున్నాడు. వరుసగా మూడో రోజు కూడా మబ్బు పట్టితే ఎడారిలో మనల్ని ఆదుకునేదెవరు?

ఎడారి అని ఊరికే అనలేదు. అరిజోనా రాష్ట్రపు పడమటి కొసన, 10వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి మీద క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరుంది. దాని పరిసరాల్లో, కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ శాఖ నేలల మీద, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రుసుము కట్టి నెలల తరబడి విడిది చేయవచ్చు. జనవరిలో అక్కడ బండ్లు వేలల్లో ఉంటాయి. మీ బండి పక్కకు కరెంటు స్తంభం గాని కొళాయి గాని రావు. తెల్లవారేసరికి ఎవరో ఒకరు జెనరేటరు మొదలుపెడతారు. దాని మోత అరమైలు దూరం వినిపిస్తుంది. పెట్రోలు ఖర్చు సంగతి తరువాత, సౌరవిద్యుత్తు మనకిచ్చే అసలు వరం ఆ మోత లేకపోవడమే అని నా అభిప్రాయం.

కనుక లెక్క కప్పు మీద కాదు, వంటగట్టు దగ్గర మొదలుకావాలి. మా దంపతుల శీతాకాలపు పద్దు ఇది. పన్నెండు వోల్టుల ఫ్రిజ్జుకు రోజుకు 600 వాట్-గంటలు. రెండు ల్యాప్‌టాప్‌లకు 400. రైస్ కుక్కరు అరగంట పనిచేస్తే 300. పచ్చడి మిక్సీ భయంకరంగా అరుస్తుంది గాని ఐదు నిమిషాల్లో తినేది 60 మాత్రమే. దీపాలు, నీటి మోటారు కలిపి 100. గ్యాసు హీటరు గ్యాసుతోనే మండినా దాని పంకాకు కరెంటు కావాలి. రాత్రి ఆరుగంటలు తిరిగితే 540. మొత్తం 2000, అంటే ఇంటి మీటరు భాషలో రెండు యూనిట్లు. ఇన్వర్టరును వాడకపోయినా ఆర్పకుండా వదిలేస్తే అది ఊరికే కూర్చుని గంటకు ఇరవై ముప్ఫై వాట్-గంటలు మింగుతుంది. రోజంతా అలా వదిలితే ఫ్రిజ్జంత ఖర్చు! మా ఆవిడ దాని స్విచ్చు విషయంలో నాకంటె కఠినురాలు.

ఈ రెండు యూనిట్లను నిలవ చేయడానికి పాతకాలపు సీసపు బ్యాటరీలైతే ఒక్కొక్కటి వంద ఆంపియర్-గంటలది నాలుగు కావాలి. వాటిని సగానికంటె దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, ఒక్కోదానిలో 1200 ఉన్నా వాడుకోదగింది 600. నాలుగూ కలిసి దాదాపు 120 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే అదే పరిమాణంలో ఒక్కొక్కటి 1280 ఇస్తుంది, ఇంచుమించు మొత్తం వాడుకోవచ్చు, బరువు పన్నెండు కిలోల చుట్టుపక్కల. ఈ పదార్థం బ్యాటరీకి పనికివస్తుందని 1997లో ప్రకటించినది టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం. 2019లో నోబెల్ అందుకున్న గుడినఫ్ పేరు అందరికీ తెలుసు. ఆ పత్రం మీద మొదటి పేరు అక్షయ పాఢి, రెండవది నంజుండస్వామి. మన బండ్లలో ఉన్న అక్షయపాత్రకు అక్షయుడే కర్త కావడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

దీనికీ పెళుసుదనం ఉంది. సున్నా డిగ్రీల సెంటిగ్రేడు కంటె చల్లబడిన లిథియం బ్యాటరీని చార్జి చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. కొండప్రాంతాల్లో తిరిగేవారు దాన్ని బండి లోపల వెచ్చగా ఉంచుకోవాలి. ఇంకొకటి, దీని వోల్టేజి నిండుగా ఉన్నప్పుడూ, పావువంతే మిగిలినప్పుడూ దాదాపు ఒక్కలాగే కనిపిస్తుంది. వోల్టేజి చూసి నిలవ అంచనా వేయడం, కడవను బయటినుంచి చూసి నీళ్ళెన్నో చెప్పడమే. లోపలికి వచ్చిన, బయటికి పోయిన ఆంపియర్లను లెక్కపెట్టే షంటు మీటరు తప్పనిసరి.

మా నాన్నగారు చెరువు కింద వ్యవసాయం చేసినవారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఈ సరంజామా అంతా చూపించాను. ఫలకాలంటే వాన, బ్యాటరీలంటే చెరువు, తీగలంటే కాలువలు అని చెప్పబోయేలోగానే, "చెరువు నిండాక నీళ్ళెటు పోతాయిరా? అలుగేదీ?" అని అడిగారు. చార్జి కంట్రోలరును చూపించాను. ఇంజనీరింగు చదివిన మిత్రులెవరూ నన్నింతవరకు ఆ ప్రశ్న మొదట అడగలేదు. చెరువు కింద బతికినవారికి ఇంకొక విషయం కూడా తెలుసు: ఆయకట్టు పెంచుకుంటూ పోతే ఏ చెరువూ చాలదు.

ఫలకాల సంగతికొస్తే, వాటి మీద రాసిన వాట్లు ప్రయోగశాల వాట్లు. చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, ఫలకం వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. డిసెంబరు చివర క్వార్ట్‌జ్‌సైట్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజం నుంచి 33 డిగ్రీలకు మించి లేవడు. కప్పు మీద పడుకోబెట్టిన ఫలకం మీద నేరుగా పడవలసిన ఎండలో అప్పుడు పడేది సగానికి కాస్త ఎక్కువ. దక్షిణానికి వాల్చి నిలబెడితే నష్టం చాలావరకు పూడుతుంది, నిచ్చెనెక్కే ఓపికుంటే. వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరువగా వస్తాడు గాని ఫలకం కాగి, దిగుబడి పదోవంతుకు పైగా తరుగుతుంది. ఏసీ డబ్బా నీడ ఒక మూల పడినా చాలు, ఆ ఫలకం దిగుబడి దాని నీడకు తగినంతే కాదు, ఇంకా ఎక్కువ పడిపోతుంది.

ఏసీ అంటే గుర్తొచ్చింది, అసలు తగువు దాని దగ్గరే. కప్పు మీది మామూలు ఏసీ నడిచేటప్పుడు 1300 నుంచి 1500 వాట్లు తీసుకుంటుంది. రాత్రంతా ఆగి ఆగి తిరిగినా పది యూనిట్లు. దానికోసం ఎనిమిది బ్యాటరీలు, వాటిని నింపడానికి కప్పు చాలని ఫలకాలు! చేయలేరని కాదు, చేసినవారిని చూశాను. కానీ ఆ వైభవం కావలసినవారు కరెంటు ఉన్న విడిదిలో ప్లగ్గు పెట్టుకుంటే ఎంతో చౌక. చక్రాలున్న ఇల్లు కదా, ఎండ ముదిరితే కొండెక్కవచ్చు. ఆ సొమ్ముతో ఎన్ని వేసవులు కొండల మీద గడపవచ్చో లెక్కవేయమంటే ఒక మిత్రుడు అలిగాడు. ఆరోగ్యం రీత్యా చల్లదనం తప్పనివారి సంగతి వేరు. వారికి నేను చెప్పగలిగిందేమీ లేదు.

పొదుపు పనికిరాని చోటు ఒకటుంది, తీగలు. 1500 వాట్ల పని 120 వోల్టుల మీద పన్నెండున్నర ఆంపియర్లతో తీరితే, 12 వోల్టుల మీద 125 ఆంపియర్లు అడుగుతుంది. అదే తీగలో ప్రవాహం పదిరెట్లయితే పుట్టే వేడి వందరెట్లు. "పన్నెండు వోల్టులే కదా, ముట్టుకున్నా షాకు కొట్టదు" అనేవారిని చూస్తే నాకు భయం. షాకు కొట్టదు, నిప్పంటుకుంటుంది. తగినంత లావు రాగితీగ వేయాలి. బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. అదీ లిథియం విసిరే వేల ఆంపియర్లను తెంచగలిగినదై ఉండాలి. ఇంజను ఆల్టర్నేటరుతో నేరుగా లిథియంను నింపబోతే అది ఆపకుండా లాగి ఆల్టర్నేటరును కాల్చవచ్చు. మధ్యలో డీసీ-డీసీ చార్జరు ఉండితీరాలి. ఇవి చేతకానివారు తెలిసినవారికి కూలి ఇచ్చి చేయించుకోవాలి. మా బండిలో బ్యాటరీల పెట్టె మంచం కిందే ఉంది. ఒక ఫలకం తక్కువైతే ఆ సాయంత్రం కుక్కరు బదులు గ్యాసు మీద అన్నం వార్చుకుంటాం.