పదకొండు చుక్కల దేవదూత

అరచేతిలో ఇమిడిపోయే చెక్కబొమ్మ. దాని ఆకుపచ్చ రెక్కలమీద పదకొండు తెల్లచుక్కలు. చూడ్డానికి ఇంతే! కానీ ఆ బొమ్మ వెనక వందేళ్ళ చరిత్ర ఉంది. యుద్ధం వచ్చినా, దేశం రెండు ముక్కలైనా, ఆఖరికి తయారుచేసే సంస్థకి సొంత పేరే లేకుండా పోయినా... పని మానని ఓ జర్మన్‌ కుటుంబం ఉంది.

క్రిస్మస్‌ నెల వచ్చిందంటే జర్మనీలో చాలా ఇళ్ళలో అటకమీది పెట్టెలు కిందికి దిగుతాయి. కాగితాల్లో జాగ్రత్తగా చుట్టి దాచిన చెక్కబొమ్మల్ని ఒక్కొక్కటే బయటికి తీసి, దుమ్ము తుడిచి, వరసగా పేరుస్తారు. అచ్చం మన బొమ్మలకొలువులాగే! ఒకటి వయొలిన్‌ వాయిస్తుంటుంది, ఇంకోటి ఫ్లూట్‌ ఊదుతుంటుంది, మరోటి డోలు కొడుతుంటుంది. తెల్లని గౌన్లూ, పొట్టి పొట్టి రెక్కలూ ఉన్న ఈ చిట్టి దేవదూతల బృందాన్ని ఎవరూ ఒకేసారి కొనరు. ఏడాదికి ఒకటో రెండో చేర్చుకుంటూ పోతారు. అమ్మమ్మ మొదలుపెట్టిన వాద్యబృందానికి మనవరాలు కొత్త కళాకారుణ్ణి జతచేస్తుందన్నమాట.

ఈ బొమ్మలు పుట్టింది సాక్సనీ రాష్ట్రంలోని గ్రూన్‌హైనికెన్‌ అనే చిన్న ఊళ్ళో. తయారుచేసేది ‘వెంట్‌ అండ్‌ క్యూన్‌’ సంస్థ.

గనులు పోయి... బొమ్మలొచ్చి!

చెక్ సరిహద్దు వెంట ఉండే ఆ ప్రాంతాన్ని ఎర్జ్‌గెబిర్గె అంటారు. అంటే ఖనిజాల కొండలని అర్థం. వందల ఏళ్ళపాటు వెండీ, తగరం తవ్విన నేల అది. ఆ గనుల ప్రాంతాన్ని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖనిజం తరిగిపోతుంటే గని కార్మికులు బతుకుతెరువు కోసం చుట్టూ ఉన్న అడవివైపు చూశారు. రాళ్ళు పిండికొట్టేందుకు వాగులమీద పెట్టుకున్న నీటిచక్రాలనే లేత్‌లు తిప్పడానికి వాడుకున్నారు. కలపతో గిన్నెలూ, గుండీలూ చేసినవాళ్ళు నెమ్మదిగా బొమ్మల్లోకి దిగారు.

ఆ చేతివాటం ఎంతటిదో తెలియాలంటే పక్కనే ఉన్న జైఫెన్‌ ఊరి పనితనం చూడాలి. అక్కడి పనివాళ్ళు తడిగా ఉన్న చెట్టుమొద్దు ముక్కని లేత్‌మీద పెట్టి చక్రంలా చెక్కుతారు. చూసేవాళ్ళకి అది గాడులున్న చక్రమే. దాన్ని కత్తితో కేకు ముక్కల్లా చీలిస్తే మాత్రం ఒక్కో ముక్కా ఒక్కో ఆవో, గుర్రమో అయిపోతుంది! చెక్కుతున్నంతసేపూ జంతువు ఆకారం పనివాడి మనసులోనే ఉంటుంది, కంటికి కనపడదు.

గనులు పోయినా గని కార్మికుడు మాత్రం బొమ్మగా మిగిలిపోయాడు. కొవ్వొత్తులు పట్టుకున్న దేవదూత, గని కార్మికుల బొమ్మల్ని క్రిస్మస్‌కి కిటికీల్లో పెట్టడం అక్కడి ఆచారం. ఇంట్లో ఎందరు ఆడపిల్లలుంటే అన్ని దేవదూతలూ, ఎందరు మగపిల్లలుంటే అందరు కార్మికులూ!

ఇద్దరు అమ్మాయిల సాహసం

అలాంటి ప్రాంతంలో పెరిగిన అమ్మాయి గ్రేటె వెంట్‌. డ్రెస్డెన్‌లో కళల విద్య చదువుకుంది. 1915 అక్టోబరులో, అక్కడే చదివిన స్నేహితురాలు మార్గరెటె క్యూన్‌తో కలిసి సొంతంగా బొమ్మల తయారీ మొదలుపెట్టింది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. ఆడవాళ్ళు వ్యాపారం పెట్టడమే అరుదైన ఆ రోజుల్లో, అదీ యుద్ధం మధ్యలో, ఇద్దరమ్మాయిలు కంపెనీ పెట్టారంటే మాటలు కాదు.

కొన్నేళ్ళకి పెళ్ళి చేసుకుని క్యూన్‌ సంస్థనుంచి తప్పుకుంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె స్థానంలో 1920లో ఓలీ సొమ్మర్‌ వచ్చింది. రంగులు వేయడంలో ఆమెది అందెవేసిన చేయి. సంస్థ లెక్కాపత్రం చూసుకునే గ్రేటె సోదరుడు యోహానెస్‌నే ఆమె పెళ్ళాడింది. అలా స్నేహితురాళ్ళ కంపెనీ కాస్తా వదినామరదళ్ళ కంపెనీ అయింది. ఆకారం గ్రేటెది, అలంకారం ఓలీది!

చుక్కల రెక్కల దేవదూతలు 1923లో వచ్చాయి. 1937లో పారిస్‌ ప్రపంచ ప్రదర్శనలో మేరీమాత చుట్టూ కొలువుదీరిన దేవదూతల బొమ్మలకి బంగారు పతకం, గ్రాండ్‌ప్రీ దక్కాయి. ఓ మారుమూల పల్లె బొమ్మ ప్రపంచానికి పరిచయమైంది.

చేతిలోనే ఉంది కిటుకు

ఒక్క దేవదూత తయారవ్వాలంటే ఎన్నో చేతులు మారాలి. తల, ఒళ్ళు, చేతులు, కాళ్ళు... అన్నిటినీ కలపతో విడివిడిగా చేస్తారు. నున్నగా రుద్ది అతికిస్తారు. బొమ్మని రంగులో ముంచి ఆరబెట్టాక అసలు పని మొదలవుతుంది. కళ్ళూ, పెదాలూ, జుట్టూ, రెక్కలమీది చుక్కలూ అన్నీ సన్నటి కుంచెతో చేత్తో వేయాల్సిందే. కనుపాప వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మ చూపే మారిపోతుంది. అందుకే ఒకే నమూనా, ఒకే రంగులైనా ఏ రెండు బొమ్మల మొహాలూ ఒక్కలా ఉండవు. ఈ పని పుస్తకం చదివితే రాదు. అనుభవం ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని, చూసి, చేసి, చెరిపి, మళ్ళీ చేసి నేర్చుకోవాలి.

పేరు పోయిన రోజులు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ ప్రాంతం కమ్యూనిస్టుల తూర్పు జర్మనీలో భాగమైంది. 1972లో ప్రభుత్వం అక్కడ మిగిలి ఉన్న సుమారు 11 వేల ప్రైవేటు, సగం ప్రైవేటు సంస్థల్ని స్వాధీనం చేసుకుంది. ఈ సంస్థా అందులో ఒకటి. వెంట్‌, క్యూన్‌ల పేర్లు తీసేసి ‘వెర్క్‌-కున్‌స్ట్‌’ అని కొత్త పేరు పెట్టారు. అప్పటికి ఎనభై అయిదో ఏట ఉన్న గ్రేటె, యుద్ధకాలంలో తను పెట్టిన సంస్థ తమది కాకుండా పోవడాన్ని కళ్ళారా చూసింది.

అయితే వెంట్‌ కుటుంబం అలిగి వెళ్ళిపోలేదు. ఓలీ కొడుకు అక్కడే ఉండి, అదే సంస్థని ఉద్యోగిగా నడిపించాడు. యజమాని కుర్చీ లేదు, గుమ్మంమీద ఇంటిపేరు లేదు. అయినా అవే నమూనాలు, అవే రంగులు, అవే చుక్కలు. తూర్పు జర్మనీకి అప్పట్లో విదేశీ డబ్బు అవసరం. అందుకని ఎర్జ్‌గెబిర్గె బొమ్మలు పెద్దయెత్తున పశ్చిమ దేశాలకు వెళ్ళిపోయేవి. వాటిని చేసే దేశంలో మాత్రం దొరకడం కష్టంగా ఉండేది!

గ్రేటె 1979లో కన్నుమూసింది. సంస్థ తిరిగి తమ చేతికి రావడం ఆమె చూడలేదు. ఓలీ చూసింది. జర్మనీ ఏకమైన 1990లో, సంస్థ మళ్ళీ వెంట్‌ కుటుంబానిదైంది. మరుసటేడాదే ఓలీ కూడా వెళ్ళిపోయింది.

అసలు పరీక్ష అప్పుడే!

ఆస్తి తిరిగొస్తే సరిపోదు కదా. ఏకీకరణ తర్వాత తూర్పు జర్మనీలో ఎన్నో ఫ్యాక్టరీలు పోటీకి తట్టుకోలేక మూతపడ్డాయి. యంత్రాలమీద చేసిన చౌక బొమ్మలు మార్కెట్‌ని ముంచెత్తాయి. వెంట్‌ కుటుంబం యంత్రాల జోలికి పోయి ధర తగ్గించుకునే దారి పట్టలేదు. గ్రేటె, ఓలీలు గీసి పెట్టిన పాత నమూనాల్ని బయటికి తీసి మళ్ళీ ప్రాణం పోసింది. అందుకే ఈ బొమ్మలు ఖరీదే. కానీ కొన్నవాళ్ళు వాటిని పారేయరు, పిల్లలకి ఇచ్చిపోతారు.

ఇలా నిలబడగలగడానికి కారణం పద్దెనిమిదేళ్ళూ పని ఆగకపోవడమే. ఆ విరామంలో కుంచె పట్టే చేతులు చెదిరిపోయి ఉంటే, 1990లో కుటుంబానికి దక్కేది భవనం తాళాలే. చెక్కబొమ్మల తయారీ జర్మనీలో శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పట్టా ఇచ్చే వృత్తి. ఇప్పుడు మూడోతరం నడుపుతున్న ఈ సంస్థ భవిష్యత్తు కూడా ఆ కుంచె పట్టుకునే కొత్త చేతులమీదే ఆధారపడి ఉంది.

ఎప్పుడైనా జర్మనీ వెళ్ళినవాళ్ళు చెక్క దేవదూతని తెచ్చి ఇస్తే, ముందు రెక్కలు చూడండి. చుక్కలు పదకొండు ఉన్నాయేమో లెక్కపెట్టండి!