అసురుడి పక్షాన



మా మైలవరం కుర్రాళ్ల ఫోన్ ఆటల్లో కత్తులూ కోటలూ మాంత్రికులూ బోలెడు, దాదాపు అన్నీ పరాయివే. 1947లో ‘చందమామ’నూ, 1951లో ‘పాతాళభైరవి’నీ చూసిన భాషకు ఈ కరువేమిటని ఈ సంచిక తలపెట్టాం.

హైదరాబాద్‌లోని ఓగర్‌హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే కంప్యూటర్ గేమ్ తెచ్చింది. అందులో చచ్చామా, మళ్లీ మొదటికే. ఈసారి దారులు వేరు, దొరికే శక్తులూ వేరు. పాత్రలో ఒదిగి ఆడే రోల్ ప్లేయింగ్ కన్నా నరుకుడే ఎక్కువన్నది మా అభిప్రాయం. అయినా రాక్షసుల లోకాన్ని మన పురాణాల్లోంచి తీసుకున్న తెగువ నచ్చింది. ఈ సంచికలో రాసినవారందరిదీ అదే తపన: కోడ్ ఎక్కడైనా నేర్చుకోవచ్చు, కథ మనదై ఉండాలి.

పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో అంబారీ ఏనుగును చెక్కే చేతులున్నాయి. పాత్రలు గీసేవాళ్లు ఓసారి ఇటు రండి.